సైకిలు యాత్రికుని దాహము

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున పది క్రోసుల దూరము సైకిలు త్రొక్కి వచ్చినవాడు చలివేంద్రపు పందిరి క్రింద దిగినాడనుకొందము. చొక్కా వీపునకు అంటుకొని యున్నది. పెదవులమీద ఉప్పు తగులుచున్నది. కాళ్లు నేలమీద నిలిచినను ఇంకను త్రొక్కుచున్నట్లే వణకుచున్నవి. ఎదుట కుండలో చల్లని నీరు కలదు. ప్రక్కనే ఉప్పు వేసిన మజ్జిగ కలదు. రోడ్డుకు ఆవల కొబ్బరిబొండముల రాశి, గోలీసోడా, నేటి కాలమున రంగురంగుల సీసాలలో అమ్మెడి పానీయములును కలవు. వీనిలో దేనిని అందుకొనవలెను?

ప్రశ్న చిన్నదిగానే తోచును. దాహమైనవాడు నీరు త్రాగును. ఇందులో ఆలోచింపవలసిన దేమి యని ఎవరైన అడుగవచ్చును. కాని సైకిలు పుట్టిననాటినుండియు ఈ ప్రశ్నకు మనుష్యులు చెప్పుకొన్న సమాధానములు చాలవరకు తప్పులు. ఆ తప్పులకు మూల్యము శరీరములు చెల్లించినవి. ఒకానొకప్పుడు ప్రాణములే చెల్లినవి. ఆ కథను సంగ్రహముగా శ్రోతలకు మనవి చేయదలచితిమి.

నేడు మన మెరిగిన సైకిలు, అనగా దాదాపు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల వాహనము, 1885లో ఇంగ్లండునందలి కావెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ చేతిలో రూపొందినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన రబ్బరు టైరునకు పేటెంటు పొందెను. ఈ రెండును కలియగానే దూరమన్న మాటకు అర్థము మారిపోయినది. 1891లోనే ఫ్రాన్సు దేశమున పారిస్ నుండి బ్రెస్ట్ రేవునకు పోయి మరల పారిస్ చేరు పందెము జరిగెను. దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. శార్ల్ టెరాం అను రౌతు నిద్రయన్నది లేక 71 గంటలకు పైగా త్రొక్కి దానిని గెలిచెను.

మానవుడు తన కండలబలముతో ఇంతదూరము ఇంతవేగముగా పోగలిగెను. కాని ఆ కండలకు ఏమి కావలెనో నాటి శిక్షకులకు తెలియదు. అలసట వచ్చినచో నరములను అదిలించి లేపవలెనని వారి నమ్మకము. కావున పందెగాండ్ర సీసాలలోనికి బ్రాందీ, చిక్కని కాఫీ, కోకా ఆకులు నానవేసిన ద్రాక్షసారాయి ప్రవేశించెను. స్వల్పమోతాదున స్ట్రిక్నైను కూడ వాడిరి. ఇది మన ముష్టిగింజలలో ఉండు విషమే. ఇట్టి వైద్యము సైకిలు పందెములకే పరిమితము కాలేదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో, ఎండలో దుమ్ములో మారథాను పరుగెత్తిన థామస్ హిక్స్‌కు సహాయకులు దారిలో స్ట్రిక్నైనును బ్రాందీని ఇచ్చిరి. అతడు బంగారుపతకము గెలిచెను. కాని గమ్యము చేరునప్పటికి నిలువలేని స్థితిలో నుండెను. ఆ పందెమున నీరు కావలెననియే కొరతగా నుంచిరి. బయలుదేరిన 32 మందిలో 14 మంది మాత్రమే చివరివరకు నిలిచిరి.

విషమును పోసిన చేతులు నీటిని అందింప వెనుదీసినవి. ఇదియే ఈ చరిత్రలోని వింత.

1903 జూలైలో 'లోతో' అను పత్రిక తన అమ్మకము పెంచుకొనుటకై ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు సైకిలు పందెమును ప్రారంభించెను. దానినే నేడు లోకము టూర్ ద ఫ్రాన్స్ అని పిలుచుచున్నది. తొలి పందెమున ఆరు మజిలీలు. మొత్తము 2,428 కిలోమీటర్లు. పారిస్ నుండి లియోన్ వరకు మొదటి మజిలీయే 467 కిలోమీటర్లు. పందెమును నడిపిన ఆన్రీ దెగ్రాంజ్ కఠిన నియమములు గలవాడు. రౌతు తన పని తానే చేసికొనవలె ననువాడు. నీళ్లు తక్కువ త్రాగువాడే గట్టివాడనియు, ఎక్కువ త్రాగినచో కడుపు బరువెక్కి కాళ్లు మొద్దుబారుననియు రౌతులలోను శిక్షకులలోను ఒక నమ్మకము వేరూనినది. అది ఎంత బలీయమైనదనగా, 1960 ప్రాంతములందు కూడ రౌతునకు దినమునకు లభించినవి నాలుగు సీసాలు మాత్రమే: బయలుదేరునప్పుడు రెండు, దారిలో ఆహారమిచ్చు చోట రెండు. మొత్తము సుమారు రెండు లీటర్లు. జూలై నెల ఎండలో ఆరేడు గంటలు కొండలెక్కు మనిషికి అది సగము కూడ చాలదు.

చాలనప్పుడు దాహము నియమములను లెక్కసేయదు. రౌతులు దారిలోని కాఫీ దుకాణములమీద పడి చేతికందిన సీసాలన్నియు ఎత్తుకొని పోయెడివారు. ఏది దొరకిన అదియే: నీరు, బీరు, ద్రాక్షసారాయి. 1935లో పో నుండి బోర్డో పోవు మజిలీలో దారిప్రక్క చల్లని బీరు సీసాలు బల్లలమీద పేర్చి యుండగా రౌతుల గుంపంతయు ఆగిపోయినదనియు, ఆగక సాగిన జూలియన్ మొయినో పావుగంటకు పైగా ముందు గమ్యము చేరెననియు ఆ పందెపు చరిత్ర చెప్పువారు నవ్వుచు చెప్పుదురు. 1950లో అల్జీరియా వాడైన అబ్దెల్ కాదర్ జాఫ్ ఎండకు సొమ్మసిల్లి చెట్టుక్రింద పడి, లేచి, వచ్చినదారినే తిరిగి త్రొక్కనారంభించెనను కథ కూడ అట్టిదే. జనులు అతనిమీద ద్రాక్షసారాయి చల్లి సేదదీర్చిరని చెప్పుదురు. వినుటకు ఇవి వినోదములు. కాని నీరు చాలక మతి చలించిన మనిషి కథలో నవ్వవలసినది ఎంతమాత్రమున్నదో ఆలోచింపవలెను.

ఆ నవ్వు 1967 జూలై 13వ తేదీన ఆగిపోయినది.

ఆనాడు పందెము దక్షిణ ఫ్రాన్సులోని వాంతూ పర్వతమునకు ఎక్కవలసి యున్నది. శిఖరము 1,900 మీటర్లకు పైబడిన ఎత్తు. పైభాగమున చెట్టు లేదు, నీడ లేదు. అంతయు తెల్లని రాతిముక్కలే. ఇంగ్లండు రౌతు టామ్ సింప్సన్ వయస్సు 29 ఏండ్లు. 1965లో ప్రపంచ విజేతయైనవాడు. అంతకు కొన్ని దినములుగా అతనికి కడుపు చెడి విరేచనములగుచుండెను. అనగా ఎండకు పూర్వమే శరీరములోని నీరును ఉప్పును తరిగిపోయియున్నవి. కొండయెక్కుటకు ముందు అతడు బ్రాందీ త్రాగెనని చెప్పుదురు. అలసట తెలియనీయని ఆంఫెటమిను మాత్రలను కూడ మింగెను. శిఖరము ఇక ఒకటి రెండు కిలోమీటర్లున్నదనగా అతడు తూలి పడెను. లేవనెత్తి మరల ఎక్కించిరి. కొంతదూరము పోయి మరల పడెను, ఇక లేవలేదు. మరణానంతర పరీక్షలో ఆంఫెటమినును మద్యమును కనబడినవి.

అతనిని చంపినది ఒక్క మాత్ర యని చెప్పుట సులభము. కాని సత్యము అంత సులభము కాదు. విరేచనములు నీటిని హరించినవి; నియమము నీటిని నిరాకరించినది; మద్యము తాపమున మరింత కీడు చేసినది; మాత్ర మాత్రము 'ఇక చాలు' అను శరీరపు మొరను వినబడకుండ చేసినది. అతడు పడినచోటికి సమీపమున ఒక స్మారకశిల కలదు. ఆ దారిని పోవు సైకిలు యాత్రికులు నేటికిని అచ్చట ఆగి, తమ టోపీలను, నీటిసీసాలను దానిమీద ఉంచి పోవుదురు. ఆ సీసాలకంటె స్పష్టముగా ఈ చరిత్రను చెప్పగల గ్రంథము మాకు కానరాదు.

ఇక సరియైన సమాధానము ఎక్కడనుండి వచ్చినదో చూతము. అది పందెములనుండి రాలేదు. కలరా రోగుల మంచములనుండి వచ్చినది. సింప్సన్ శరీరమునుండి చెమటగాను విరేచనములుగాను పోయినది, కలరా రోగినుండి కొలదిగంటలలో పోవునది, ఒకే ద్రవ్యము: నీరు, దానితో ఉప్పు. కేవలము నీరు త్రాగించిన రోగి పేగు దానిని నిలుపుకొనదు. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పును గ్లూకోజును కలిపిన నీరు నోటిద్వారా ఇచ్చి స్వస్థపరచిన వృత్తాంతమును 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. లోకము అప్పుడు దానిని పట్టించుకొనలేదు. 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రవేత్త ప్రాగ్ నగరపు సభలో దానికి కారణమును వివరించెను. చిన్నపేగు గోడలో ఉప్పులోని సోడియమును గ్లూకోజును జంటగా లోపలికి పోవుననియు, ఒకటి లేక రెండవది సరిగా సాగదనియు ఆయన సిద్ధాంతము. ఆ జంట వెంట నీరు తనంతట తానే పోవును. చిటికెడు ఉప్పును, కొంచెము తీపియు నీటికి ద్వారపాలకులన్నమాట.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున సరిహద్దునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినది. రక్తనాళముల ద్వారా ఎక్కించు ద్రవము నిండుకొన్నది. డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో పోయించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. మూడువేలకు పైబడిన రోగులలో మరణములు నూటికి నాలుగింటికి లోపునకు దిగిపోయినవి. 1978లో 'లాన్సెట్' పత్రిక ఈ విధానము ఆ శతాబ్దపు వైద్యమున అత్యంత ముఖ్యమైన ముందడుగు కావచ్చునని వ్రాసెను. మహలనాబిస్ 2022లో స్వర్గస్థులైరి. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము వారికి పద్మవిభూషణ్ బిరుదము ప్రకటించినది.

క్రీడారంగమున ఇదే సత్యము మరొక త్రోవను చేరినది. 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు శిక్షకులలో ఒకరు, ఆటగాండ్రు ఆట ముగిసిన పిదప మూత్రమునకు పోవుట లేదేమి యని వైద్యులను ప్రశ్నించిరి. మూత్రపిండముల వైద్యుడైన రాబర్ట్ కేడ్ దానిని పరిశీలించి, నీరంతయు చెమటగా పోవుచున్నదని గ్రహించి, నీటిలో ఉప్పును చక్కెరను కలిపి ఒక పానీయము చేసెను. అది నోట పెట్టుకొన వీలులేనంత అరుచిగా నుండగా, నిమ్మరసము కలుపుమని ఆయన భార్య సలహా చెప్పెను. అదియే గాటొరేడ్. ఆ విశ్వవిద్యాలయపు ఆటగాండ్రకు మొసలి పేరు. దానినిబట్టియే పానీయమునకును పేరు కలిగినది. నిమ్మకాయ, ఉప్పు, పంచదార, నీరు! మన ఇండ్లలో ఎండనబడి వచ్చినవానికి కలిపి ఇచ్చునది ఇదియే కదా యని శ్రోతలు అనుకొనవచ్చును. నిజమే; కాని అది ఎందుకు పనిచేయునో చెప్పగలిగిన ఘనత పరిశోధకులదే. ఎంత కలుపవలెనో తెలిసినదియు వారివలననే.

నీరు ఉప్పు సంగతి ఇది. కండలలోని ఇంధనము మాట యేమి? 1966లో స్వీడన్ దేశమున యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అను ఇరువురు వైద్యులు తమ శరీరములమీదనే ఒక చిత్రమైన ప్రయోగము చేసిరి. ఒకే వ్యాయామపు సైకిలునకు చెరియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్క కాలితోనే అది అలసి ఆగువరకు త్రొక్కిరి. రెండవ కాలు విశ్రాంతిగానే యుండెను. పిమ్మట పిండిపదార్థములు ఎక్కువగా తినుచు మూడుదినములు తొడకండనుండి సూదితో చిన్నముక్కలు తీసి పరీక్షించిరి. అలసిన కాలిలో గ్లైకోజను, అనగా నిలువచేసిన చక్కెర, విశ్రాంతి పొందిన కాలిలోకంటె ఎంతో ఎక్కువగా పేరుకొన్నది. అనగా త్రొక్కి అలసిన కండ ఆకలిగొన్న కండ. దానికి అప్పుడు పెట్టినది అక్కడనే నిలుచును. 1988లో జాన్ ఐవీయును, ఆయన సహచరులును సైకిలు త్రొక్కినవారిలో పరీక్షించి, త్రొక్కుట ముగిసిన వెంటనే తీపిపానీయము ఇచ్చినచో, రెండుగంటలు ఆలస్యముగా ఇచ్చినదానికంటె ఆ నిలువ వేగముగా నిండునని చూపిరి.

ఎంత త్రాగవలెనన్న ప్రశ్నకు 1996లో సూసన్ షిరెఫ్స్ మొదలగువారి పరిశోధన సమాధానమిచ్చినది. చెమటగా పోయినంత నీరే త్రాగినచో చాలదు. కొంత మూత్రముగా పోవును గనుక ఒకటిన్నర రెట్లు త్రాగవలెను. అయితే పానీయమున చాలినంత ఉప్పు లేనిచో ఎక్కువ త్రాగినను నిలువదు. 2006లో ఇండియానా విశ్వవిద్యాలయమున తొమ్మిదిమంది సైకిలు రౌతులకు, ఒకమారు అలసిన పిదప చాక్లెట్ కలిపిన తీపి పాలను ఇచ్చి, నాలుగుగంటల పిమ్మట మరల త్రొక్కించిరి. గాటొరేడ్ త్రాగినప్పటికంటె వారు వెనుకబడలేదు. పిండిపదార్థము దట్టముగా గల మరియొక పానీయము త్రాగినప్పటికంటె ఎక్కువసేపు త్రొక్కగలిగిరి. ఈ పరీక్షకు పాడిపరిశ్రమవారి సంస్థ కొంత ధనసహాయము చేసినదన్న మాటను కూడ చెప్పుట మా విధి. అయినను పాలలో నీరు, తీపి, ఉప్పు, మాంసకృత్తులు నాలుగును కలవన్నది కాదనరాని విషయము.

ఒక తప్పునుండి తప్పించుకొన్న మానవుడు దానికెదురుగా నున్న తప్పులో పడుట సహజము. నీరు త్రాగరాదన్న కాలము గతించి, ఎంత త్రాగిన అంత మేలన్న కాలము వచ్చినది. 2002లో బోస్టన్ మారథానులో ఒక యువతి అతిగా త్రాగుటచే రక్తములోని సోడియము పలుచబడి మరణించెను. ఆ పందెమున పరుగెత్తిన 488 మంది రక్తమును పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితములలో నూటికి 13 మందికి ఆ లోపము కొంతయో ఎంతయో కనబడినది. దాహము మేరకు త్రాగవలెను. దీర్ఘశ్రమ చేసినచో ఉప్పుతో త్రాగవలెను. మధ్యమమార్గమే మేలు.

ఇప్పుడు మన చలివేంద్రమునకు మరలివత్తము. మా చిన్నతనమున మా ఇంటికి ఉత్తరములు తెచ్చు తపాలా బంట్రోతు ప్రక్క గ్రామములన్నియు సైకిలుమీదనే తిరిగెడివాడు. ఎండకాలమున మా నాయనమ్మ అతనిని అరుగుమీద కూర్చుండబెట్టి, ఉప్పువేసి కరివేపాకు నలిపిన మజ్జిగ పెద్ద చెంబుతో ఇచ్చెడిది. "ఇంక పక్కూరి దాకా ఢోకా లేదు అమ్మగారూ" అని అతడు చెంబు దించెడివాడు. ఒక్కొక్కనాడు ఆమె అంతటితో విడువక, "మజ్జిగతో ఏం పోతావు నాయనా, రెండు ముద్దలు చద్దన్నం తినిపో" అనెడిది. మాకు అప్పుడది మర్యాదగానే తోచినది. నేడు తరచి చూడగా ఆ చెంబులో నీరు, ఉప్పు, కొంచెము పాలతీపి, మాంసకృత్తులు ఉన్నవి. చద్దన్నములో కండలకు కావలసిన పిండిపదార్థము ఉన్నది. మన పూర్వులకు సర్వమును తెలియునని మేము చెప్పుటలేదు. అనుభవము కనుగొన్నదానిని శాస్త్రము తూచి చూపినదని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ తూనికను మన పానీయములకు వర్తింపజేసి చూతము. చెమటలో లీటరునకు, మనిషినిబట్టి, ఒకటి మొదలు నాలుగు గ్రాములకు పైగా ఉప్పు పోవును. కొబ్బరినీటిలో పొటాసియము సమృద్ధి, సోడియము స్వల్పము. కావున చిటికెడు ఉప్పు తోడుకావలెను. మజ్జిగలో తీపి తక్కువ. కావున దూరప్రయాణమైనచో వెంట అన్నమో అరటిపండో ఉండవలెను. ఉప్పువేసిన గంజిలో పిండిపదార్థమును ఉప్పును రెండును కలవు. సీసాలలోని తీపి సోడాలలో చక్కెర మిక్కుటము, ఉప్పు దాదాపు శూన్యము. అవి కడుపులో నిదానముగా కదలును. మద్యము పనికిరాదు, దాని సంగతి వాంతూ పర్వతము చెప్పినది. గంటలోపు ప్రయాణమైనచో ఇవి యేవియు అక్కరలేదు; మంచినీరును, వేళకు భోజనమును చాలును. రెండుమూడు గంటలు ఎండలో త్రొక్కినవాడు ముందును వెనుకను బరువు చూచుకొని, తగ్గిన ప్రతి కిలోకును లీటరున్నర చొప్పున, ఒక్కగుక్కలో గాక కొన్ని గంటలలో, ఉప్పుగల పానీయమును త్రాగవలెను. రక్తపోటు, మూత్రపిండముల జబ్బు, మధుమేహము గలవారు తమ వైద్యుని సలహా పొందవలెను.

పందెపు రౌతులకు నేడు వెంట కారులు కలవు, వైద్యులు కలరు, కావలసినన్ని సీసాలు కలవు. కాని సైకిలు వినోదమునకు గాక జీవనమునకై త్రొక్కువారు మన వీధులలో ఎందరో కలరు: పాలు పోయువారు, కూరగాయలు తెచ్చువారు, ఇంటింటికి వస్తువులు చేర్చు కుర్రవారు. వారికి నాలుగు సీసాల నియమము లేకపోవచ్చును. కాని ఆగుటకు తీరిక లేకపోవుట, అడుగుటకు మొగమాటము, నియమముకంటె తక్కువ కఠినములు కావు. నీరు త్రాగుట బలహీనత యను పాతనమ్మకము ఒక విజేత ప్రాణమును తీసినది. దానిని మన గుమ్మములలో మిగులనీయరాదు. మన వాకిట సైకిలు దిగినవానికి, వచ్చిన పని అడుగుటకు ముందు, ఉప్పువేసిన మజ్జిగ ఒక చెంబు అందించుట నూరేండ్ల ఈ చరిత్ర మనకు నేర్పిన పాఠము.